సేటు ఉత్తరం రాని ఇండ్లు

ఆ రోజుల్లో వరంగల్‌లో మా మగ్గాల వాడలో దయ్యానికి భయపడేవాళ్లు తక్కువ, పిలుపు రాకపోతే భయపడేవాళ్లు ఎక్కువ. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వండి నాయనా, మీకేం, ఒక గ్రూపులో నుంచి తీసేస్తే ఇంకో గ్రూపు ఉంటుంది. మాకు వాడ ఒక్కటే. పెండ్లయినా, పేరు పెట్టుడైనా, కొత్త మగ్గానికి పూజయినా, నాలుగు మూలలకూ పసుపు అంటించిన కార్డు పట్టుకొని వరుసగా ఇల్లిల్లూ తిరగాలి. ఒక గడప దాటేసి పక్క గడప తొక్కారంటే, ఆ దాటేసిన ఇంట్లో ఆ పూట పొయ్యి ముట్టదు. ‘మనమేం తప్పు చేసినం’ అని మొగుడు పెండ్లాన్ని, పెండ్లాం అత్తను, అత్త దేవుణ్ణి అడుగుతారు. మరచిపోయి ఉంటారులే అని ఎవరన్నా అంటే మాత్రం ఎవ్వరూ నమ్మరు. మరచిపోవడమనే జబ్బు మా వాడలో లేదు (నాకు ఈ వయసులో కూడా రాలేదు, నా కోడళ్లకు నేనంటే గిట్టకపోవడానికి అదొక కారణం).

ఈ సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ నా ఫోను నిండా నాయకుల సందేశాలు, గుమ్మం నిండా వాళ్ల బొమ్మలేసిన ఉత్తరాలు. పంపి ఊరుకుంటారా అంటే అదీ లేదు. ఆ ఉత్తరాల వల్ల ఎన్ని మనసులు మారాయో కొలవడానికి మళ్లీ వేరే మనుషులను తోలుతారు. ‘తాతా, మా అన్న ఉత్తరం చదివినంక మీ అభిప్రాయం ఎంత మారింది, పదిలో ఎన్ని మార్కులేస్తరు?’ అని అడుగుతారు. మనసేమన్నా జ్వరమా, గొట్టం పెట్టి చూసి చెప్పడానికి? పైగా ఇదేదో నిన్నమొన్న కనిపెట్టిన విద్య అయినట్టు ఆ పిల్లల ధీమా ఒకటి. నేను మీసాలు సరిగ్గా రాని వయసులో, ఇదే ఊళ్లో, ఇదే కొలత పని చేసి, భయంతో చలిజ్వరం తెచ్చుకున్నవాణ్ణి. (అప్పటికి నాకు ఓటే లేదు, ఆ రోజుల్లో ఓటుకు ఇరవై ఒకటి నిండాలి. ఓటు లేనివాడు ఓట్లను కొలవడం మన దేశంలో మొదటినుంచీ ఉన్నదే.)

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. మిగిలిన చదువంతా చౌరస్తా దగ్గర లైబ్రరీలో, కాలు విరిగిన బల్ల మీద, అందరూ చదివి నలిపేసిన పేపర్లలో సాగింది. అందుకని వాడంతా నన్ను ‘పేపరోడు’ అనేవాళ్లు. చేతిరాత మాత్రం గుండ్రంగా ఉండేది. మేం నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్లం. బాపు జంపఖానాలు నేసేవాడు. నూలు మాది కాదు. మా వాడ మొత్తానికీ నూలు ఇచ్చేది ఒక్కడే, మండిబజారు పక్కన గోదామున్న నూలు సేటు. ఆయన నూలు ఇస్తే మగ్గం ఆడుతుంది, ఇవ్వకపోతే ఆగుతుంది. మగ్గం ఆగిన ఇల్లెలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. సేటు ఎవర్నీ తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. నూలు తూకం వేసేటప్పుడు కండ్లద్దాల మీది నుంచి ఒక చూపు చూసేవాడు. ఆ చూపుకే మా బాపు లాంటి మనిషి కూడా వీపు వంచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చంకల్లో దోపుకునేవాడు.

అలాంటి సేటుకు ఆ ఏడు మునిసిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి నిలబడాలన్న బుద్ధి పుట్టింది. ఎదురు నిలబడ్డది రిటైరైన బడిపంతులు ఒకాయన. పంతులుకున్న బలగమంతా ఒక పాత సైకిలు, నోటి దగ్గర పెట్టుకొని అరవడానికి ఒక రేకు భోంగా. గెలిస్తే మురుగు పారే మోరీలు బాగు చేయిస్తానని తప్ప ఇంకో మాట చెప్పేవాడు కాదు కనుక ఆయన్ని ‘మోరీ పంతులు’ అనేవాళ్లం. సేటు గెలుపు ఖాయమని సేటుతో సహా అందరూ అనుకున్నారు. అంతలో హైదరాబాదులో లెక్కల చదువేదో పెద్దది చదివిన సేటు మేనల్లుడు దిగాడు. పలచటి మనిషి, తెల్ల చొక్కా, జేబుకు రెండు పెన్నులు. ఆయన్ని నేను ‘సారూ’ అనేవాణ్ణి, వెనకాల అందరం ‘లెక్కలల్లుడు’ అనేవాళ్లం.

చేతిరాత బాగున్న పిల్లగాడు కావాలని నాకు కబురొచ్చింది. పోయేసరికి గోదాములో మామా అల్లుళ్ల మధ్య వాదన నడుస్తున్నది. ‘మామా, మైకులకు పెట్టినవ్, జెండాలకు పెట్టినవ్. దేంతోని ఓటు పడుతున్నదో నీకు తెల్సా? తెల్వదు. అందరికీ పేరుపేరున ఉత్తరం రాద్దాం. కానీ సగం ఇండ్లకే రాద్దాం’ అంటున్నాడు అల్లుడు. ‘మరి సగం ఇండ్లోళ్లు ఏం పాపం జేసిన్రు?’ అన్నాడు సేటు. ‘పాపం కాదు మామా. తర్వాత అందరి ఇండ్లకూ పోయి ఓటెవరికని అడుగుతం. ఉత్తరం వచ్చినోళ్లలో నీకెంతమంది, రానోళ్లలో ఎంతమంది. ఆ తేడానే ఉత్తరం బలం.’ సేటుకు అర్థం కాలేదు. నాకు మాత్రం టక్కున వెలిగింది. ‘సేటూ, కొత్త రంగు వచ్చినప్పుడు నూలు చిలప సగం ముంచి సగం బయట పెడ్తం గద, పట్టిందా లేదా చూసేటందుకు. గట్లనే’ అన్నాను. అల్లుడు నా భుజం తట్టి, ‘తమ్మీ, నువ్వు చదువుకోవాల్సినోనివి’ అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. పని బాగా చేస్తే గోదాములో గుమాస్తాగా పెట్టుకుంటానని సేటు కూడా అన్నాడు. మగ్గం గుంటలో నుంచి లేచి కుర్చీ మీద కూర్చోవడమంటే మా వాళ్లలో అప్పటికి ఎవరూ చేయని పని.

ఏ సగం అన్నది మనిషి ఇష్టం మీద ఉండకూడదని, ఇంటింటి పేరూ చిట్టీ రాసి ఇత్తడి చెంబులో వేసి, కండ్లు మూసుకొని తీశాడు అల్లుడు. చెంబులో నుంచి బయటకు వచ్చిన పేర్లకు ఉత్తరం, లోపల మిగిలినవాటికి లేదు. మా పక్కింటి బాయికాడి పెద్దమ్మ పేరు బయటకు వచ్చింది. మా బాపు పేరు చెంబులోనే ఉండిపోయింది. ‘సారూ, మా ఇల్లు...’ అని నీళ్లు నమిలాను. ‘నీ ఇల్లయితే ఏంది, నా ఇల్లయితే ఏంది తమ్మీ, లెక్కకు చుట్టాలుండరు’ అన్నాడు. ఎవరికి పంపామో, ఎవరికి పంపలేదో, ఎందుకు పంపలేదో బయట పొక్కితే జనం జవాబులు మార్చి చెబుతారనీ, కొలత చెడిపోతుందనీ చెప్పి, నా చేత సరస్వతి మీద ఒట్టు వేయించుకున్నాడు. సేటు ఒట్టు అడగలేదు. కండ్లద్దాల మీది నుంచి ఒక్క చూపు చూశాడు. సరస్వతి అయినా క్షమిస్తుందేమో గాని ఈయన క్షమించడు అనుకున్నాను.

ఉత్తరం అల్లుడే చెప్పాడు, నేను రాశాను. ‘పూజ్యులైన ఫలానా అన్నగారికి నమస్కరించి వ్రాయునది. మన వాడ కష్టసుఖములు నాకు తెలియనివి కావు. మోరీల సంగతి నేను మరువలేదు...’ అంటూ సాగుతుంది (మరువకపోవడంలో వింత లేదు, గోదాము రంగు నీళ్లు కలిసేది ఆ మోరీలోనే). అన్నీ రాసి కవర్లలో పెట్టాక, లోపలి నుంచి సేటమ్మ పసుపు గిన్నె పట్టుకొని వచ్చింది. ‘మా ఇంట్ల నుంచి పేరు రాసిన కవరు పసుపు లేకుంట గడప దాటొద్దు. దాటితే చావు కబురు లెక్క’ అన్నది. అన్నీ తెలిసిన లెక్కలల్లుడికి ఈ ఒక్కటీ తెలియదు. ‘పసుపుదేమున్నది అత్తమ్మా, పెట్టు’ అన్నాడు. నాకు తెలుసు. ఆ పసుపుతో ఉత్తరం కాస్తా పిలుపు అవుతుందని. కానీ ‘చదువుకోవాల్సినోనివి’ అన్న మాట ఇంకా చెవుల్లో మోగుతున్నది, నోరు లేవలేదు.

మర్నాడు నేను బాపు పక్కన మగ్గం గుంటలో కూర్చొని ఉన్నాను. గుంటలో కూర్చున్నవాడికి వీధిలో మనుషులు కనబడరు, కాళ్లే కనబడతాయి. పోస్టుమాను చెప్పులు పెద్దమ్మ గడప దగ్గర ఆగాయి. తర్వాత మా గడప ముందుకు వచ్చాయి. ఆగలేదు. అవతలి ఇంటి దగ్గర ఆగాయి. మా వాడలో అప్పటిదాకా టకటకలాడుతున్న మగ్గాలు ఒకటొకటే ఆగిపోవడం విన్నాను. అందరూ చూస్తున్నారన్నమాట. బాపు కూడా పోగు విసిరే నాడె పక్కన పెట్టి గడపలోకి పోయి నిలబడ్డాడు.

‘మనకు రాలె’ అన్నాడు. అడిగినట్టు కాదు, ఎవరో పోయినట్టు. ‘మర్చిపోయి ఉంటడు తియ్’ అన్నది అవ్వ. ‘సేటు మర్చిపోవుడా? పోయినేడు నూలు కండె ఒకటి తడిసిందని ఇప్పటికీ అంటడు. దాటిపోయిండు. పసుపు పెట్టి పక్కింటికిచ్చి మన గడప దాటిపోయిండంటే ఇగ నూలు ఇయ్యనని చెప్పుడే’ అని గుమ్మానికి ఆనుకొని కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న నూలు వారానికి కూడా రాదు. అది ముగ్గురికీ తెలుసు. ఎందుకు దాటిపోయాడో నా ఒక్కడికే తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను, సేటు కండ్లద్దాలు కనిపించాయి, ‘దూపైతాంది’ అని నీళ్లు తాగాను.

అంతలో పెద్దమ్మ కవరు రెండు చేతులతో పట్టుకొని, వేడి గిన్నె మోసుకొస్తున్నట్టు వచ్చింది. ‘ఓ పేపరోడా, గిది జర సదువురా, నాకేం రాసిండో’ అన్నది. నేను రాసిన ఉత్తరం నేనే మొదటిసారి చూస్తున్నట్టు తడుముకుంటూ చదివాను. ఆమె విని, ‘అచ్చరాలు ముత్యాలోలె ఉన్నయి, ఎవరు రాసిన్రో’ అన్నది. బాపు మెడ చాచి చూసి, ‘మనోని రాతలెక్కనే ఉన్నది గద’ అన్నాడు. ‘మంచి రాతలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి బాపూ’ అన్నాను. పెద్దమ్మ గర్వపడుతుందనుకున్నాను. కానీ కొంగు నోట్లో కుక్కుకొని మెల్లగా, ‘నాకెందుకొచ్చింది మల్ల? మీకు రాక నాకు వచ్చిందంటే నన్నేదో అడుగబోతాండు. ఊకనే పసుపు పెడ్తడా సేటు?’ అన్నది. ఉత్తరం రానివాడు నూలు పోతుందని, వచ్చినవాడు ఇంకేదో పోతుందని వణికారు. ఆ సాయంత్రం మా వాడలో దీపాలు త్వరగా ఆర్పేశారు, మాటలు కూడా గోడల కింది నుంచి నడిచాయి.

తర్వాతి ఘట్టం నేను తలచుకోవడానికి ఇష్టపడను గాని రాయక తప్పదు. ఇంటింటికీ పోయి ‘మీ ఓటెవరికి’ అని నేనే అడగాలి. కాగితాల అట్ట చంకలో పెట్టుకొని బయలుదేరాను. నేను సేటు గోదాము నుంచి వస్తున్నానని అందరికీ తెలుసు. నిన్నటిదాకా ‘ఏం రా’ అన్నవాళ్లు కుర్చీ దులిపి వేశారు. ఛాయ్ ఇచ్చారు. నేను నోరు తెరవకముందే ‘సేటుకే’ అన్నారు. ఒకాయన తలుపు తీయకుండా లోపలి నుంచే ‘సేటుకే, రాసుకొని పో’ అన్నాడు. ఓటు లేని ముసలమ్మ ఒకామె, ‘నా పేరు లిస్టుల లేదు బిడ్డా, ఉంటే సేటుకే ఏత్తుంటిని, గా ముచ్చట గూడ రాయి’ అన్నది. మొదట్లో నాకు ఆ కుర్చీ, ఆ ఛాయ్ బాగానే అనిపించాయి. నాలుగైదు ఇండ్లు తిరిగాక, వాళ్లు నన్ను చూసే చూపు ఎక్కడ చూశానా అని ఆలోచిస్తే తెలిసింది. జీపు దిగిన పోలీసును చూసే చూపు అది. అప్పుడు నాకే భయం వేసింది. నన్ను చూసి నేను భయపడటం అదే మొదలు.

ఏ ఇల్లూ వదలొద్దని అల్లుడి ఆజ్ఞ. మా ఇంటి ముందుకు వచ్చేసరికి దాటిపోదామా అనుకున్నాను. వీధిలో నలుగురు చూస్తున్నారు. బాపు గుమ్మంలో ఉన్నాడు. నేను అట్ట పట్టుకొని నిలబడ్డాను. బాపు భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. ‘మా ఇంట్ల ఓట్లు రెండు. రెండూ సేటుకే అని చెప్పు. జర మంచిగ చెప్పు బిడ్డా, నువ్వు చెప్తే ఇంటడేమో’ అన్నాడు. కన్నకొడుకు ముందు కండువా తీసిన తండ్రిని చూడటం కంటే ఏ మనిషికైనా వేరే శిక్ష అక్కర్లేదు. నేను రాసుకున్నాను. ‘సేటుకే’ అని, గుండ్రంగా.

కాగితాలన్నీ చూసి లెక్కలల్లుడు జుట్టు పీక్కున్నాడు. ఉత్తరం వచ్చిన ఇండ్లూ సేటుకే, రాని ఇండ్లూ సేటుకే. తేడా లేదు. పైగా రానివాళ్లు ఇంకా గట్టిగా చెబుతున్నారు. ‘అంటే ఉత్తరం వేస్తే ఓటు పలచబడుతున్నదా తమ్మీ? ఎక్కడో గడబిడున్నది’ అని పెన్ను తలకు కొట్టుకున్నాడు. గడబిడ ఎక్కడుందో చెబుదామని, ‘సారూ, వాళ్లు భయపడుతున్నరు’ అన్నాను. ‘భయానికి మనం గడి పెట్టలేదు తమ్మీ’ అన్నాడాయన, అమాయకంగా. (ఇప్పటి కాగితాల్లోనూ చూస్తున్నాను, ఆ గడి ఇంకా పెట్టలేదు.)

నూలు ఇచ్చే రోజు వచ్చింది. ఆ రోజు నేను పొద్దున్నే గోదాములో ఉన్నాను. సేటు తూకం దగ్గర, అల్లుడు కాగితాల దగ్గర. అంతలో వీధి మలుపులో మనుషులు కనిపించారు. ఎప్పుడూ ఒక్కొక్కరుగా వచ్చేవాళ్లు గుంపుగా వస్తున్నారు. ఉత్తరం రాని ఇండ్ల పెద్దలందరూ, ముందు మా బాపు. వాళ్ల వెనక తమాషా చూడటానికి ఉత్తరం వచ్చినవాళ్లు. ఎవ్వరూ మాట్లాడటం లేదు, నడక మాత్రం ఒక్కతీరుగా ఉంది. సేటు తక్కెడ వదిలేశాడు. ‘వాళ్ల చేతులల్ల ఏందిరా అవి?’ అన్నాడు. ‘కొబ్బరికాయలు సేటూ.’ ‘రాళ్లు దొరకలేదా’ అన్నాడు సేటు, నేను అప్పటిదాకా వినని సన్నటి గొంతుతో. చూస్తుండగానే నూలు బేళ్ల వెనక్కు పోయాడు. బేళ్ల మధ్య నుంచి కండ్లద్దాలు మాత్రం మెరుస్తున్నాయి. మా వాడ మొత్తాన్నీ గడగడలాడించే మనిషి మా వాడను చూసి బేళ్ల వెనక దాక్కుంటాడని కల్లో కూడా అనుకోలేదు. ‘నువ్వు పో. ఏం గావాల్నో అడుగు. నేను ఊళ్లె లేనని చెప్పు’ అన్నాడు లోపలి నుంచి.

నేను గుమ్మంలోకి పోయాను. బాపు నన్ను చూసి, ‘పక్కకు జరుగు బిడ్డా, పెద్దోళ్ల ముచ్చట’ అన్నాడు. లోపలికి చూస్తూ, కనిపించని సేటుతో, ‘సేటూ, మా తాతలనాటి నుంచి మీ నూలు నేస్తానం. మా గడప దాటిపోయిన్రు. తప్పేం జేసినమో చెప్తే కాయ కొట్టి, తప్పయిందని మొక్కి పోతం. నూలు మాత్రం ఆపకుండ్రి. మగ్గం ఆగితే మేం లేము’ అన్నాడు. బేళ్ల వెనక కదలిక వినిపించింది. సేటు తల బయటకు వచ్చింది. ‘కాయలు... మొక్కేటందుకా?’ అన్నాడు. ‘మరెందుకు సేటూ?’ అన్నాడు బాపు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సేటు మీసాల మీద నూలు పీచు అంటుకొని ఉంది.

‘చెప్పు, నువ్వే చెప్పు’ అని సేటు అల్లుణ్ణి ముందుకు తోశాడు. అల్లుడు చెప్పాడు. పాపం చాలాసేపు చెప్పాడు. సగటు అన్నాడు, నమూనా అన్నాడు, ఇంగ్లీషులో ఇంకేదో అన్నాడు. జనానికి ఉన్న భయం రెట్టింపు అయింది. ఇక సరస్వతి ఏం చేసుకుంటుందో చేసుకోనీ అని నేను నోరు తెరిచాను. చెంబులో చిట్టీలు వేశామని, పేరు వస్తే ఉత్తరం రాశామని, రాకపోతే లేదని, సేటుకు ఎవరి మీదా కోపం లేదని, ఉత్తరంతో ఓటు పట్టిందా లేదా చూడటానికే ఇదంతా అని చెప్పాను. రంగు సంగతి కూడా చెప్పాను. అప్పుడు వెనక నుంచి బాయికాడి పెద్దమ్మ, ‘అంటే మమ్ములనేమో రంగుల ముంచి, వీళ్లనేమో ఉత్తగ ఆరేసి చూసిన్రన్నట్టు’ అన్నది. ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత గోదాము గోడలు అదిరేలా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను సేటు వైపే చూస్తున్నాను.

సేటు నవ్వాలో వద్దో తెలియక, మీసాల మీది పీచు దులుపుకొని గద్దె మీద కూర్చొని, ‘అందరికీ రాయ్. ఇప్పుడే, ఇక్కడే. పసుపు జర ఎక్కువ పెట్టు’ అన్నాడు. ‘మామా, లెక్క మొత్తం పోతది’ అని అల్లుడు లబోదిబోమన్నాడు. ‘లెక్క పోతె పోనియ్, నా పానం పోయేటట్టుండె’ అన్నాడు సేటు. నేను అక్కడే కూర్చొని రాశాను. మొదటి ఉత్తరం మా బాపుకు. ‘పూజ్యులైన అన్నగారికి’ అని సొంత తండ్రికి రాయడానికి చేయి రాక తల ఎత్తితే, ‘రాయ్, రాయ్, సేటు తరఫున గద’ అన్నాడు బాపు. కవరు రెండు చేతులతో అందుకొని కండ్లకద్దుకున్నాడు. నూలు మూట నెత్తికెత్తుకొని ఇంటికి పోతూ దారి పొడుగునా ఎవరు ఎదురైనా ఆగి ఆ కవరు చూపించాడు.

ఓట్ల రోజు వచ్చింది, పోయింది. లెక్కపెట్టారు. సేటు ఓడిపోయాడు. ఏదో కొంచెంలో కాదు, చిత్తుగా. మోరీ పంతులు సైకిలు మీదనే ఊరేగాడు. మా వాడ పండగ చేసుకోలేదు. తలుపులు వేసుకున్నది. ఎందుకంటే వాడలో ఎవర్ని అడిగినా ‘నేను సేటుకే ఏసిన’ అంటున్నారు. మరి ఎవరు వేయలేదు? ఎవరో సేటు కనిపెడతాడు. కనిపెడితే నూలు ఆగుతుంది. నాకు ఆ భయంతోపాటు ఇంకోటి, ఇంటింటికీ తిరిగి ‘సేటుకే, సేటుకే’ అని గుండ్రంగా రాసుకొచ్చింది నేనే కదా. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చిందని చెప్పానే, అది నిజంగానే వచ్చింది. అవ్వ మిరియాల కషాయం పోస్తూ, ‘ఓట్లు లేనోనికి ఓట్ల జ్వరమేందిరా’ అన్నది.

మళ్లీ నూలు రోజు. బాపు నన్ను లేపి తీసుకుపోయాడు. గోదాములో సేటు ఒక్కడే ఉన్నాడు. అల్లుడు పొద్దున బస్సుకే హైదరాబాదు వెళ్లిపోయాడట, కాగితాలన్నీ సంచిలో కుక్కుకొని. సేటు గడ్డం గీసుకోలేదు. నా వైపు చూసి, ‘నీకు గుమాస్తాగిరీ ఎట్లిస్తరా, నువ్వు తెచ్చిన లెక్కలు నమ్మి నేను విందుకు మేకలు గూడ కొన్న’ అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తర్వాత బాపు వైపు తిరిగి, చాలాసేపు తక్కెడ సరిచేసి, ‘ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. నాకు ఏసినవా?’ అన్నాడు. బాపు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ‘ఏసిన సేటూ. ఇంట్ల రెండూ మీకే’ అన్నాడు. సేటు తల ఊపాడు. ‘పొద్దటి నుంచి అందరు గదే చెప్తాన్రు’ అని నూలు తూచి ఇచ్చాడు. ఎప్పటి తూకమే. ఓడిపోయిన సేటుకైనా జంపఖానాలు కావాలి కదా అన్నది నాకు అప్పుడు తట్టింది. అంతకుముందు భయంలో తట్టలేదు.

ఇంటి దారి పట్టాం. మూట నా నెత్తి మీద. గోదాము కనుమరుగయ్యాక నేను ఊరికే, ‘మనమైతే సేటుకే ఏసినం గద బాపూ, మనకు ఫికర్ లేదు’ అన్నాను. బాపు నడుస్తూనే ఉన్నాడు. ‘ఏసేటోన్నే’ అన్నాడు. ‘ఉత్తరం రానన్ని రోజులు కండ్లు మూస్తే సేటే కనబడె. ఆయనకు గాక ఇంకోనికి ఓటు గుద్దే ధైర్యమే లేకుండె. నువ్వు రాసిచ్చినంక ఆ రోజు మంచిగ నిద్ర పట్టింది. పొద్దుగాల లేచి సూత్తె భయమే లేదు. ఇగ భయం లేనంక ఏమున్నది, మోరీ బాగు చేపిత్తనన్న పంతులుకు గుద్ది వచ్చిన. మీ అవ్వ గూడ.’

నెత్తి మీద మూట కింద పడబోయింది. ‘మరి సేటు అడిగితే ఏసిన అన్నవ్?’ అన్నాను. ‘ఓడిపోయి కూసున్నడు బిడ్డా. భయంతోని అడిగిండు. గంత భయపడేటోనికి ఇంకేం చెప్తం’ అన్నాడు బాపు, అది కూడా తెలియదా అన్నట్టు.

నేనేం చేశానో చెబితే మీరు నమ్మరు. నాకు బాపు మీద కోపం వచ్చింది. ఇంత పెద్ద కొలత జరిగితే, దానికి అసలు జవాబు మా ఇంట్లోనే ఉంటే, అది లెక్కలల్లుడికి చేరకుండా పొద్దున బస్సు వెళ్లిపోయిందే అని కోపం. ఇల్లు చేరేదాకా బాపుతో మాట్లాడలేదు. ఆ పద్దెనిమిదేండ్ల పిల్లవాడు నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ కనిపిస్తాడు. నెత్తి మీద నూలు, మొహం ముడుచుకొని, నాలుగడుగులు వెనకగా నడుస్తూ ఉంటాడు. ముందు వాళ్ల బాపు భుజాన కండువా వేసుకొని, చేతులు చంకల్లో కాకుండా బారుగా వదిలేసి ఊపుకుంటూ పోతున్నాడు. పిల్లవాడు అది చూడటం లేదు, ఉత్తరం బలం ఎంతో లెక్కపెట్టుకుంటున్నాడు. తల ఎత్తి ముందుకు చూడరా పిచ్చోడా, అని చెప్పాలనిపిస్తుంది. వింటాడా? వాడు ఎవరి మాట విన్నాడు గనక.